కారు వెనక సాకెట్: టెయిల్ లైట్ వైరు జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది మధురవాడ. నాలుగేళ్ల కిందట కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఛార్జింగ్ సాకెట్ గేర్ దగ్గర ఒక్కటే ఉంది, వెనక ఏమీ ఇవ్వలేదు. మా అమ్మగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. నెలకోసారి పలాస వైపు మా ఊరు వెళ్తుంటాం, పిల్లలకి సెలవులిస్తే అరకు. అందుకని 12 వోల్టుల మీద నడిచే చిన్న ఫ్రిజ్ పెట్టె ఒకటి కొన్నాను. దాని మీద 60 వాట్లు అని ఉంది. పనిలో పనిగా హార్బర్ నుంచి చేపలు కూడా ఊరికి పట్టుకెళ్లొచ్చని ఆశ. డిక్కీలో సాకెట్ పెట్టమని ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే, "ఏటవుద్దండీ, టెయిల్ లైట్ వైర్లోంచి తీసేస్తాను, అరగంట పని" అన్నాడు. మా బావమరిదేమో బ్యాటరీ నుంచి వేరే వైరు లాగాలంటాడు. మా ఆవిడ అసలు కారు కోయించొద్దంటోంది. ఎవరి మాట వినాలి? ఈ పని నేనే చేసుకోవచ్చా? అరకులో రాత్రి బండి ఆపి ఫ్రిజ్ ఆన్‌లో వదిలేస్తే పొద్దున స్టార్ట్ అవుతుందా?

(పేరు వేయొద్దన్న పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: షాపతని మాట ఒక్కటి పక్కన పెట్టేయండి. మీ బావమరిది చెప్పింది సరైన పద్ధతే. మీ ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే మీ అవసరానికి కారు కోయాల్సిన పనే పడకపోవచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు టెయిల్ లైట్ వ్యవహారం తేల్చేద్దాం.

మామూలు బల్బులున్న కారులో టెయిల్ లైట్ బల్బు 5 వాట్లు, బ్రేకు బల్బు 21 వాట్లు ఉంటాయి. ఎల్ఈడీ అయితే ఇంకా తక్కువ. అంత చిన్న లోడుకి కంపెనీవాళ్లు వేసేది సన్నటి వైరే. మీ ఫ్రిజ్ 60 వాట్లు. వాట్లను 12తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి కాబట్టి అది లాగేది 5 ఆంప్స్. అయిదు వాట్ల బల్బు తీసుకునేది అర ఆంప్ కూడా లేదు. అంటే ఆ బల్బు కరెంటుకి పన్నెండింతలు అదే వైరులోంచి పోవాలి. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి లైట్లను నడిపేది బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్. తన లెక్కకు మించి కరెంటు పోతుంటే అది ఆ లైన్‌ని కట్ చేస్తుంది. ఖర్మ కాలితే మాడ్యూలే పోతుంది. అప్పుడు మీ ఫ్రిజ్ ఖరీదు దాని ముందు ఏ మూలకీ రాదు.

ఇవన్నీ వదిలేసినా, ఇంకో చిక్కుంది. టెయిల్ లైట్ వైరులో కరెంటు ఎప్పుడుంటుంది? లైట్లు వేసినప్పుడే. అంటే పట్టపగలు ఫ్రిజ్ కోసం లైట్లు వేసుకుని పలాస దాకా వెళ్లాలి. బ్రేకు వైరులోంచి తీస్తే బ్రేకు తొక్కినంతసేపే చల్లదనం! అతను ఈ సంగతి ఆలోచించే ఉండడు. నాకు ఎక్కువ భయం వేసేది మాత్రం ఫ్యూజ్ పోవడం గురించి. ఆ లైన్ ఫ్యూజ్ కొట్టేస్తే రాత్రి హైవే మీద మీ వెనక లైట్లు ఆరిపోతాయి. మీకు తెలియదు. వెనక వచ్చే లారీవాడికీ మీరు కనబడరు.

ఇక సాకెట్ సంగతి. మీరు డిక్కీలో కావాలన్నారు. పెట్టె ఎక్కడుంటుందో తేల్చుకోకుండా సాకెట్ చోటు ఖాయం చేయకండి. మీరు కొన్నది 60 వాట్ల చిన్న పెట్టె అంటున్నారు కాబట్టి అది చాలావరకు పెల్టియర్ రకమే అయి ఉంటుంది. కంప్రెసర్ ఉండదు, కరెంటు పెడితే ఒక వైపు చల్లబడే పలక, రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఆ రకం పెట్టెలు తమకు తాముగా ఇంత చలి అని పట్టుకోలేవు. బయటి వేడి కంటే ఓ 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించగలవు, అంతే. పెట్టె చుట్టూ 28 డిగ్రీలుంటే లోపల 8-13కి దిగుతుంది. మే నెలలో ఎండకి నిలబెట్టిన కారు లోపల 50 దాటుతుంది. అప్పుడు ఆ పెట్టె లోపల 30 పైనే. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. వాడుతున్న పెన్ను లేదా సీసా అయితే చాలా రకాలను 25-30 డిగ్రీల లోపు బయటే దాదాపు నాలుగు వారాలు వాడుకోవచ్చు. అమ్మగారు వాడేదానికి ఎంతో దాని డబ్బాలోని కాగితం మీదే ఉంటుంది, ఒకసారి చూడండి, లేదా మందుల షాపులో అడగండి. నాలుగు గంటల ప్రయాణానికి, ఏసీ వేసిన కారులో, వాడుతున్న పెన్నుకి ఫ్రిజ్ అవసరమే ఉండకపోవచ్చు. కొత్త స్టాకు పట్టుకెళ్తున్నప్పుడే దీని అవసరం.

అందుకని పెట్టె డిక్కీలో వద్దు. ఏసీ గాలి అక్కడికి అరకొరగా చేరుతుంది. పైగా దాని మీద సూట్‌కేసులు, సంచులు పడేస్తాం. ఫ్యాన్ దారి మూసుకుపోతే అది చల్లబరచడం మాని వేడెక్కుతూ కూర్చుంటుంది. వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, ముందు సీటు వెనకాల ఒక పక్కగా పెడితే ఏసీ గాలి తగులుతుంది, అమ్మగారి చేతికీ అందుతుంది. లోపల పలకకి ఆనించి సీసా పెట్టకండి, ఇన్సులిన్ గడ్డకడితే మళ్లీ పనికిరాదు. ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ లోపల వేసి ఉంచితే పెట్టె మాట నమ్మాల్సిన పని ఉండదు. అన్నట్టు, నీళ్లలో తడిపి వాడే కూలింగ్ పౌచ్‌లు కూడా అమ్ముతారు. తేమ ఆరితేనే అవి చల్లబడతాయి. మన విశాఖ ఉక్కపోతలో బట్టలే ఆరవు, ఆ పౌచ్ ఏం ఆరుతుంది?

పెట్టె వెనక సీటు ముందు ఉండేటట్టయితే దూరం ఎంతని? గేర్ దగ్గరి సాకెట్ నుంచి మీటరున్నర. ముందు సాకెట్‌లో గుచ్చే మంచి ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని, రెండు ముందు సీట్ల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్లండి. చాలా కార్ల సాకెట్ మూత మీద 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. మీదీ చూసుకోండి. 120 వాట్లంటే 10 ఆంప్స్. మీ ఫ్రిజ్‌కి అందులో సగం. కేబుల్ కొనేటప్పుడు మూడు నాలుగు సాకెట్లున్న మెరిసే డబ్బాలు చూడకండి, వైరు మందం చూడండి. పిల్లల ఫోన్ ఛార్జర్ల వైరంత సన్నంగా ఉంటే వద్దు. ప్లగ్గు బిగుతుగా కూర్చోవాలి. ఈ రకం ప్లగ్గుల జబ్బు అదే, గతుకుల్లో వదులై, అంచు దగ్గర వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అరగంట నడిచాక ప్లగ్గు పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ప్లగ్గు మార్చండి.

రెండు మూడు ప్రయాణాలు ఇలా చేసి చూడండి. కాళ్లకి వైరు అడ్డం పడుతోంది, ముందు ఫోన్ పెట్టుకోడానికి చోటు లేదు, టైర్లకి గాలి కొట్టే పంపు వెనక నుంచి వాడుకుంటే బాగుండును అనిపిస్తే, అప్పుడు పర్మనెంట్‌గా వేయించుకోండి. అలా వేయించుకోవడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ముందు సాకెట్ వెనక నుంచే ఇంకో వైరు తీసి, సెంటర్ కన్సోల్ (ముందు సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ దిమ్మ) వెనక భాగంలో రెండో సాకెట్ పెట్టడం. పని చిన్నది. చాలా కార్లలో తాళం తీస్తే ఆ సాకెట్ ఆగిపోతుంది కాబట్టి బ్యాటరీ భయం లేదు. అయితే రెండు సాకెట్లకీ కలిపి ఫ్యూజ్ ఒక్కటే, మామూలుగా 15 ఆంప్స్. ఫ్రిజ్, ఒక ఫోన్ ఛార్జర్ వరకు హాయిగా లాగుతుంది. దాంతో పాటు టైరు పంపు పెట్టారా, ఆ పంపులు 10 ఆంప్స్ దాకా, కొన్ని ఇంకా ఎక్కువ లాగుతాయి, ఫ్యూజ్ పోతుంది. పోతే మళ్లీ అదే 15 ఆంప్స్ ఫ్యూజ్ వేయాలి, అంటే నీలం రంగుది. మాటిమాటికీ పోతోందని 30 ఆంప్స్ ఆకుపచ్చ ఫ్యూజ్ తెచ్చి గుచ్చేవాళ్లను చూస్తుంటాం. ఫ్యూజ్ ఉన్నది ఫ్రిజ్‌ని కాపాడటానికి కాదు, దాని వెనకున్న వైరు కాలకుండా చూడటానికి. 15 ఆంప్స్‌కి వేసిన వైరు మీద 30 ఆంప్స్ ఫ్యూజ్ పెడితే ముందు కాలేది వైరే.

రెండోది, మీ బావమరిది చెప్పిన పద్ధతి, బ్యాటరీ నుంచి విడిగా లైన్. పంపు, ఫ్రిజ్, పిల్లల ట్యాబ్‌లు అన్నీ వాడే ఇంటికి నేనైతే ఇదే చెప్తాను. కానీ ఇందులో ఒక్క విషయం మాత్రం ఎవరెన్ని చెప్పినా రాజీ పడొద్దు. ఫ్యూజ్ బ్యాటరీ దగ్గరే ఉండాలి. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపు. చాలామంది పనివాళ్లు ఫ్యూజ్‌ని సాకెట్ వెనక పెడతారు, మార్చుకోడానికి చేతికి అందుతుందని. ఇంటి మెయిన్ స్విచ్‌ని మీటరు దగ్గర కాకుండా మేడ మీద పడగ్గదిలో పెట్టుకోవడం లాంటిది అది. బ్యాటరీ నుంచి వెనక సాకెట్ దాకా ఉన్న మూడు నాలుగు మీటర్ల వైరుకి అప్పుడు ఏ రక్షణా ఉండదు. 12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి మనం తేలిగ్గా తీసుకుంటాం. కానీ సెల్ఫ్ మోటర్‌ని తిప్పే బ్యాటరీ అది. ప్లస్ వైరు ఒరుసుకుపోయి రాగి బాడీకి తగిలితే వందల ఆంప్స్ పారతాయి. వైరు ఎర్రగా కాలి, పైన తొడుగు అంటుకుని, పక్కనున్న వైర్లను కూడా కలుపుకుంటుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఉంటే ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు ఆగిపోతుంది.

వైరు 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం), సన్నని పోగులు ఎక్కువున్న ఆటో కేబుల్ వేయించండి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్క ఉందికదా అని వాడొద్దు. ఆ తొడుగు ఇంజిన్ వేడికి తయారుచేసింది కాదు. ఒంటిపోగు వైరయితే కుదుపులకి విరుగుతుంది కూడా. మందం ఎందుకంటే, సన్న వైరులో వోల్టేజ్ పడిపోతుంది. అయిదు మీటర్ల 2.5 వైరులో 5 ఆంప్స్ పోతే నష్టం 0.2 వోల్టులు. అదే 1 ఎస్‌క్యూ ఎంఎం అయితే అర వోల్టు, టైరు పంపు పెడితే ఏకంగా ఒక వోల్టు. ఇక ఫ్యూజ్ 15 ఆంప్స్ పెట్టండి, సాకెట్ కూడా 15 ఆంప్స్ తట్టుకునేదై ఉండాలి. సాకెట్ మీద 10 అని రాసి ఉంటే ఫ్యూజూ 10దే, ఎర్రది.

ఇక్కడ మన ఊరికే ఉన్న ఒక బాధ చెప్పాలి. సముద్రపు గాలి. బీచ్ రోడ్డు పక్కనున్న ఇళ్లలో గ్రిల్స్‌కి ఎన్ని రంగులు వేసినా తుప్పు ఎలా తన్నుకొస్తుందో మీకు తెలుసు. బానెట్ కింద వైరు జాయింట్‌కీ అదే గతి. రెండు వైర్లు మెలిపెట్టి పైన నల్ల టేపు చుట్టిన జాయింట్ వేసవి వేడికి జిగురు వదిలేస్తుంది, వానాకాలానికి టేపు ఊడి వేలాడుతుంది, ఏడాది తిరిగేసరికి రాగి మీద పచ్చటి పొడి. ఆ పచ్చదనం ఉన్నచోట కరెంటు సరిగా పోదు, వేడి పుడుతుంది. కాబట్టి మెలిపెట్టే జాయింట్లు వద్దే వద్దు. వైరు చివర సరైన సైజు లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు ముక్క) వేసి, క్రింపింగ్ టూల్‌తో నొక్కించి, మీద వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేసి వేడిచేయాలి. లోపల జిగురున్న స్లీవ్ అయితే తేమ దూరదు. కట్టింగ్ ప్లయర్‌తో నొక్కేసి "గట్టిగానే ఉంది సార్" అంటే లగ్గు పట్టుకుని ఒకసారి లాగండి. ఊడి చేతికొస్తే అతనికే అర్థమవుతుంది.

ఎర్త్ దగ్గర కూడా ఇదే శ్రద్ధ కావాలి. సాకెట్ మధ్య పిన్నుకి ప్లస్, చుట్టూ ఉన్న లోహానికి మైనస్. ఆ మైనస్ వైరుని దగ్గర్లో బాడీకి ఉన్న బోల్టు కింద బిగిస్తారు. పెయింట్ మీద బిగిస్తే ఎర్త్ అందదు. బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర ఉప్పు కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక లగ్గు బిగించి, పైన కాస్త గ్రీజు గానీ వ్యాజిలైన్ గానీ రాయాలి. గీకి వదిలేస్తే మన గాలికి ఆ చోటే ముందు తుప్పు పడుతుంది. ఉన్న బోల్టే వాడాలి, కొత్త స్క్రూ కోసం ఫ్లోరులో రంధ్రం వేయనివ్వొద్దు. వెనక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, ఫ్లోరు కింద పెట్రోల్ పైపు, బ్రేకు పైపులు పోతుంటాయి. డ్రిల్లు కిందికి ఎంత దిగిందో పైనున్నవాడికి కనబడదు. మీ కారుకి తర్వాత సీఎన్‌జీ కిట్ పెట్టించే ఆలోచన ఉంటే డిక్కీలో సాకెట్ మాటే ఎత్తకండి. ప్లగ్గు పీకినప్పుడు చిన్న నిప్పురవ్వ రావడం మామూలే, సిలిండరున్న చోట అది అక్కర్లేదు.

బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉందేమో కూడా చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగే రకం కార్లకి ఉంటుంది. ఉంటే మన మైనస్ వైరుని ఆ టెర్మినల్‌కి నేరుగా బిగించకూడదు, బాడీకే ఇవ్వాలి. లేదంటే ఆ సెన్సర్‌కి మీ ఫ్రిజ్ లెక్క తెలియదు.

వైరు దారి గురించి రెండు మాటలు. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చేచోట ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రొమెట్ (రేకు రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు) లోంచే రావాలి. రేకుకి కొత్త రంధ్రం పొడిచి రబ్బరు లేకుండా లాగితే ఆ అంచే వైరుని కోస్తుంది. అక్కడి నుంచి డ్యాష్‌బోర్డ్ కింద, సెంటర్ కన్సోల్ లోపల నుంచి వెనక్కి. మ్యాట్ కింద పరిచేయడం బద్ధకపు పని. ముందు సీటు జరిగే పట్టాల మధ్య వైరు నలిగితే ఎక్కడ నలిగిందో వెతకడానికి సీటు ఊడదీయాలి. పసుపు రంగు తొడుగు, పసుపు కనెక్టరు ఉన్న వైర్లు కనబడితే వాటిని ముట్టుకోకూడదు, వాటికి ప్లాస్టిక్ టైలు కట్టకూడదు, టెస్ట్ ల్యాంప్ అస్సలు గుచ్చకూడదు. అవి ఎయిర్‌బ్యాగ్‌లకి, సీటు బెల్టు బిగించే యంత్రానికి వెళ్లేవి.

సాకెట్‌కి 28-29 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం కావాలి. మీ ఆవిడ అభ్యంతరం ఇక్కడే కదా. కన్సోల్ వెనక మూత విడిభాగంగా దొరుకుతుందేమో మీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. దొరికితే కొత్తదాన్ని కోయించి, అసలుది ఇంట్లో దాచుకోవచ్చు. రేపు కారు అమ్మేటప్పుడు మళ్లీ బిగించేయొచ్చు. మీ మోడల్లోనే పై వేరియంట్‌కి వెనక సాకెట్ ఉందేమో కూడా కనుక్కోండి. ఒక్కోసారి వైరూ కప్లరూ లోపల సిద్ధంగా ఉండి, మూత మాత్రమే ఖాళీగా వస్తుంది. అలాగైతే మీ అదృష్టం. సాకెట్‌కి స్ప్రింగు మూత ఉన్నదే తీసుకోండి. పిల్లలు జేబులోంచి జారవిడిచిన రూపాయి బిళ్ల నేరుగా అందులోకే పోతుంది.

తాళంతో ఆగాలా, ఎప్పుడూ కరెంటు ఉండాలా అన్నది ఇంకో నిర్ణయం. బ్యాటరీ నుంచి నేరుగా లాగిన లైన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. దాన్ని తాళంతో కట్టేయాలంటే మధ్యలో నాలుగు కాళ్ల రిలే ఒకటి పెట్టాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్. బ్యాటరీ లైన్ 30 అనే కాలికి, సాకెట్ 87కి, మిగిలిన 85, 86లలో ఒకటి ఎర్త్‌కి, ఇంకోటి తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరుకి. రిలేని ఆన్ చేయడానికి 0.2 ఆంప్స్ లోపే చాలు కాబట్టి ముందు సాకెట్ ఫ్యూజ్ దగ్గర ఒక ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ చోట గుచ్చి అదనపు వైరు తీసుకునే ముక్క) గుచ్చి తీసుకోవచ్చు, అసలు వైరుని కోయక్కర్లేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండాలని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది, కారులో ఫోన్ ఛార్జ్ చేసుకున్న అనుభవం మర్చిపోలేం. కానీ దానికి కూడా తాళం ఒక మెట్టు తిప్పి ఉంచితే సరిపోతుంది. మీలాంటివాళ్లకి రిలేనే మంచిది. ప్లగ్గు పీకడం మర్చిపోయినా పొద్దున్నే బండి తోసుకోవాల్సిన పరిస్థితి రాదు.

మీరే చేసుకోవచ్చా అన్నారు. ఎక్స్‌టెన్షన్ కేబుల్ వరకు నిస్సందేహంగా. ముందు సాకెట్ నుంచి లాగడం, కన్సోల్ విప్పి బిగించడం చేతనైనవాళ్లు చేసుకోవచ్చు. బానెట్ కింద పనికి మాత్రం ఆటోనగర్‌లో అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోండి. పక్కన నిలబడి చూడండి, మొహమాటపడొద్దు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీయాలి, అన్నీ అయ్యాక ఆఖరున మైనస్ బిగించాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానరు పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులు కురుస్తాయి. బ్యాటరీ తీసినందుకు గడియారం, రేడియో స్టేషన్లు, కొన్ని కార్లలో పవర్ విండో సెట్టింగ్ మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది, కంగారుపడకండి. కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా ఉంటే ఈ పని మొదలుపెట్టకముందే సర్వీస్ సెంటర్‌లో అడగండి. బయట చేయించిన వైరింగ్ వల్ల వచ్చిన చెడుపుకి వారంటీ వర్తించదని బుక్‌లెట్లలో రాసి ఉంటుంది. వైరు సైజు, ఫ్యూజ్ రేటింగ్ బిల్లు మీద రాయించుకోవడం అందుకే మంచిది.

పని అయ్యాక డబ్బులిచ్చేముందు అక్కడే ఒక పరీక్ష చేయించండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఫ్రిజ్ ఆన్ చేసి ఓ ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈలోపు టీ తాగి రండి. వచ్చాక మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి, 14కి అటూఇటూగా ఉంటుంది. తర్వాత ఫ్రిజ్ నడుస్తుండగానే సాకెట్ దగ్గర చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు లోపు ఉంటే పని బాగా చేసినట్టు. ఒక వోల్టు దాటితే ఎక్కడో జాయింటో, ఎర్తో సరిగా లేదు. ఫ్యూజ్ హోల్డర్‌ని పట్టుకుని చూడండి, తప్పున్న చోట వేడి తగులుతుంది.

చేపల విషయం. పెట్టె దానికి పనికిరాదండీ. పెల్టియర్ పెట్టె ముందే చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచగలదు, అంతేగానీ రెండు కేజీల వంజరాన్ని చల్లబరచే శక్తి దానికి లేదు. పలాస చేరేలోపు వాసన వస్తుంది. థర్మోకోల్ పెట్టెలో కింద ఒక పొర ఐసు, చేపలు, మళ్లీ పైన ఐసు వేసి మూత చుట్టూ టేపు వేయించండి, హార్బర్ దగ్గర రోజూ జరిగే పనే అది. ఆ పెట్టెని డిక్కీలో ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి. ఐసు కరిగి కారే ఆ ఉప్పునీళ్లు కార్పెట్ కిందికి చేరితే తుప్పు అక్కడే మొదలవుతుంది. మీరు డిక్కీలో సాకెట్ పెట్టించకపోవడం మంచిదని చెప్పడానికి అది ఇంకో కారణం. మందులు, చేపలు ఒకే పెట్టెలో పెట్టే ఆలోచన మీకు లేదనే అనుకుంటున్నాను.

ఇక అరకు రాత్రి. చిన్న పెట్రోల్ కార్ల బ్యాటరీ 35 ఆంపియర్-అవర్ల దరిదాపుల్లో ఉంటుంది. 5 ఆంప్స్ లెక్కన మూడున్నర గంటల్లో అందులో సగం ఖాళీ. సగానికి దిగాక సెల్ఫ్ మూలుగుతుంది, నాలుగేళ్ల బ్యాటరీ అయితే అంతకుముందే చేతులెత్తేస్తుంది. పెల్టియర్ పెట్టెల్లో ఎక్కువభాగం చల్లబడ్డాక కూడా ఆగకుండా లాగుతూనే ఉంటాయి కాబట్టి రాత్రంతా అంటే బండి స్టార్ట్ కాదనే లెక్క. గది తీసుకున్నాక ఇన్సులిన్‌ని లోపలికి తీసుకెళ్లండి. హోటల్లో ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టమనండి, ఫ్రీజర్ దగ్గర వద్దు. సెలవులు సంక్రాంతికైతే అక్కడి రాత్రి చలికి ఫ్రిజ్ అడగాల్సిన పని కూడా పడదు, కిటికీకి దూరంగా బల్ల మీద ఉంచితే చాలు. దారిలో అనంతగిరి దగ్గర కాఫీకో, బొర్రా గుహలు చూడటానికో దిగినప్పుడు మాత్రం పెట్టెని ఎండలో ఉన్న కారులో వదలకుండా పెన్నుని అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించండి.